తాటిపాక గ్యాసు, ఆదుర్రు దిబ్బ, రెండు శాతం

మ్యూజియంలో చదువు చెప్పించడానికి సొమ్మెవరు పెట్టాలన్నది పాత ప్రశ్నే. కంప్యూటరు వచ్చాక దానికి ‘డిజిటల్’ అన్న విశేషణం చేరింది, అంతే.

మా కోనసీమలోని ముక్తేశ్వరంలో 1860లో జన్మించిన జయంతి రామయ్య పంతులుగారు 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తును స్థాపించారు. వ్యావహారిక భాషావాదులతో ఆయనకు జరిగిన వివాదం మిత్రులకు తెలిసిందే. ఆ తగవులో నేను గిడుగువారి పక్షమే సుమా! అయినా తాటాకు ప్రతులను సేకరించి కాపాడటంలో పరిషత్తు చేసిన సేవకు చేతులెత్తి నమస్కరిస్తాను. ఆ తరువాత పరిషత్తు కాకినాడకు తరలింది. దానికి అండ పిఠాపురం మహారాజావారు. సూర్యరాయాంధ్ర నిఘంటువుకు ఆయన పేరు ఊరకే పెట్టలేదు. ఆ దానంలో నేను గమనించేది ఒకటి: రాజావారి సొమ్ము అచ్చుకూలికే సరిపోలేదు, ఏళ్ల తరబడి కూర్చుని మాటలకు అర్థాలు తేల్చిన పండితుల జీతాలకూ వెళ్లింది. అంటే మనిషికి ఖర్చు పెట్టారు.

జమీందారీలు పోయాక పోషకుడు ప్రభుత్వమైంది. 1922లో రాజమహేంద్రవరంలో మొదలైన ఆంధ్రేతిహాస పరిశోధక మండలి సేకరణ రాళ్లబండి సుబ్బారావుగారి పేర ప్రభుత్వ మ్యూజియం అయింది. నాగార్జునసాగర్ ఆనకట్ట కింద మునిగిపోనున్న ఇక్ష్వాకుల నగరాన్ని 1954 నుంచి 1960 వరకు తవ్వారు. బయటపడిన శిల్పాలకు జలాశయం నడుమ మిగిలిన కొండమీద 1966లో మ్యూజియం వెలిసింది. 2010ల దశకంలో కేంద్ర సాంస్కృతిక శాఖ సీ-డ్యాక్ వారి ‘జతన్’ సాఫ్ట్‌వేరుతో పది మ్యూజియంల వస్తువులను అంతర్జాలంలోకి ఎక్కించినప్పుడు, ఆ పదింటిలో నాగార్జునకొండ, సాలార్‌జంగ్ రెండూ ఉన్నాయి. సంతోషమే. అయితే ఆ పుట తెరిచిన తొమ్మిదో తరగతి పిల్లవాడికి కనబడేది బొమ్మ, కొలత, రాయి రకం, కాలం. ఆ రాతిమీద చెక్కిన కథ ఏమిటో వాడి భాషలో విప్పి చెప్పేవారేరీ? వస్తువు గూటిలోకి చేరింది, పాఠం చేరలేదు.

ఇటువంటి పథకాల్లో నాకు ఎక్కువ బాధ కలిగించింది డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డిగారు తలపెట్టిన పదిలక్షల పుస్తకాల పథకానికి అది భారతశాఖ. వేలాది తెలుగు పుస్తకాలను స్కాను చేశారు. కొన్ని పుటలు తలకిందులు, కొన్ని మాయం. పేర్లకు రోమన్ లిపిలో రాసిన వక్ర స్పెల్లింగులు సరేసరి. వెతకడమే ఒక విద్యగా నేర్చుకున్న వాళ్లం మనం. తీరా 2017 నాటికి ఆ సైటే అందకుండా పోయింది. ఆర్కైవ్.ఆర్గ్‌లోకి ప్రతులు చేరబట్టి బతికాం. స్కానరు కొనడానికి దొరికిన సొమ్ము, కొన్న తరువాత దాన్ని నిలబెట్టడానికి దొరకలేదన్నమాట.

ధనిక దేశాల్లోనూ ఇది గట్టి నేల కాదు. అమెరికాలో మ్యూజియంలకూ గ్రంథాలయాలకూ నిధులిచ్చే సమాఖ్య సంస్థ 1996లో ఏర్పడింది. దాన్ని వీలైనంత కుదించమని 2025 మార్చిలో అధ్యక్షుడి ఉత్తర్వు వెలువడింది.

ఇక మా తాటిపాక సంగతి. ఏడాదికి 66 వేల టన్నుల సామర్థ్యంతో ఓఎన్‌జీసీ చిన్న రిఫైనరీ 2001లో ఇక్కడ మొదలైంది. 2013 నాటి కంపెనీల చట్టం 135వ సెక్షను ప్రకారం, నికర విలువ 500 కోట్లు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికరలాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సమాజానికి వెచ్చించాలి. తాను పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యమివ్వాలి. ఏడో షెడ్యూలులో విద్యా ఉంది, వారసత్వ రక్షణా ఉంది. ఆ నిబంధన 2014 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. మూడు నెలలైనా నిండకముందే, జూన్ 27 తెల్లవారుజామున, పక్కనే ఉన్న నగరంలో గెయిల్ గొట్టం పేలి ఇరవైమందికి పైగా కాలిపోయారు. ఆ ఊరికి మొదట దక్కవలసింది భద్రత. దానికి బదులుగా మ్యూజియం పాఠం చాలనే సాహసం నేను చేయను. పిల్లల చదువు అడగటం మాత్రం మా హక్కు.

ఆ నగరం ఉన్న మామిడికుదురు మండలంలోనే ఆదుర్రు ఉంది. వైనతేయ తీరాన ఇటుకల బౌద్ధస్తూపం, కేంద్ర పురావస్తుశాఖ రక్షణలో ఉన్నది. సింహళానికి పోతూ సంఘమిత్ర ఇక్కడ ఆగిందని ఊళ్లో చెప్పుకుంటారు. కథే కావచ్చు, పిల్లలను కూర్చోబెట్టడానికి అంతకన్నా మంచి కథ దొరకదు. రాజమహేంద్రవరం వెళ్లినా, కాకినాడ వెళ్లినా గోదావరి దాటవలసిన పిల్లలకు ఇది గడపలోని మ్యూజియం. రక్షిత కట్టడం గనుక కంపెనీ తనంతట తాను చేయిపెట్టరాదు. అందుకే 1996లో ఏర్పడిన జాతీయ సాంస్కృతిక నిధి ఉంది. అందులో దాత తన సొమ్ము ఏ కట్టడానికి, ఏ పనికి పోవాలో నిర్దేశించవచ్చు.

అర్జీ రాయవలసి వస్తే పద్దులు నేనిలా రాస్తాను. మొదట, తెలుగులో పాఠం చెప్పగల ఒక మనిషికి అయిదేళ్ల జీతం. తరువాత ఆదుర్రు, నాగార్జునకొండ, అమరావతి శిల్పాలను కలిపి చెప్పే పాఠాలు, యూనికోడులో. ఆపైన పదేళ్ల సర్వరు అద్దె. కెమెరా, తెర, ప్రొజెక్టరు చిట్టచివర. వాటిని తరువాతి ఏడాదికి వాయిదా వేసినా ఫరవాలేదు.