పాసయితేనే పాసు!

నెల్లూరులో బయల్దేరిన మైపాడు బస్సు ఇందుకూరుపేట మీదుగా పోయిపోయి సముద్రం దగ్గర ఆగిపోతుంది. ఇక ముందుకు పోవడానికి నేల లేదు గనక! దూరం పాతిక కిలోమీటర్లకి అటూ ఇటూగా వుంటుంది. 2025 కార్తీక మాసంలో సముద్రస్నానానికి వెళ్ళి, తడి చీర సంచీలో కుక్కుకుని, తిరుగు బస్సు కోసం అక్కడ నిలబడ్డాను.

పక్కన ఒక అన్నా, చెల్లెలూ వున్నారు. అన్నకి నలభై అయిదేళ్ళుంటాయేమో, చంకలో కర్ర. ఎడమ పాదం మడమ దగ్గర వంకర తిరిగిపోయింది. చెల్లెలి చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కాగితాలు. పెళ్ళివారికి చూపించబోయే జాతకాన్ని పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుంది.

"ఎక్కడికమ్మా?" అని మాట కలిపాను.

"నెల్లూరికమ్మా, మా అన్న బస్సుపాసు కోసరం. పడవ మీద పడి కాలు నలిగిపోయింది. సదరం పరీక్ష చేయించినాం. ముప్పై ఎనిమిదొచ్చింది."

"ముప్పై ఎనిమిదేమిటి?"

"పర్సెంటమ్మా. నలబై రావాలంట. రెండు తగ్గినాయి. ఇంకోసారి చూడమని అడుక్కుందామని పోతావుండాం." అని ఆ పిల్ల పకపకా నవ్వింది. "ఇస్కూల్లో ముప్పై అయిదొస్తేనే పాసంటారు గదా! మా అన్న ముప్పై ఎనిమిది తెచ్చుకుని గూడా ఫెయిలైనాడు."

అన్న కూడా నవ్వాడు. "సదువుకునేటప్పుడు ఎన్నడూ ఇన్ని రాలేదులేమ్మా" అన్నాడు.

నేనూ నవ్వాననుకోండి. కానీ ఇంటికొచ్చి సంచీలోంచి ఇసక దులుపుతున్నప్పుడు కూడా ఆ రెండు మార్కులు నన్ను వదల్లేదు. మనిషి కాలికి మార్కులు వెయ్యడం ఎప్పుడు మొదలయింది? నలభై దగ్గర గీత గీసిందెవరు? ఉండబట్టలేక ఆ కథ వెతుక్కుంటూ పోతే, అది మైపాడు నుంచి చాలా దూరమే తీసుకెళ్ళింది.

మన పల్లెల్లో ఒకప్పుడు కళ్ళు లేనివాడికీ, కాలు లేనివాడికీ పెట్టే ముద్దకి కాగితం అక్కర్లేదు. చూసిన కంటికి ఏది తోస్తే అదే సర్టిఫికెట్టు. అలాగని అవేవో బంగారు రోజులని నేననను. పెట్టినవాళ్ళకి పుణ్యం, తిన్నవాడికి తలవంపులు. ఆ ముద్ద పెట్టకపోతే అడిగే హక్కు వాడికి లేదు.

కాగితం సంగతికొస్తే, ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కాలంలో, 1531లో, ఒక చట్టం వచ్చింది. ముసలితనం వల్లో, అవిటితనం వల్లో పని చెయ్యలేనివాళ్ళ పేర్లు అక్కడి న్యాయాధికారులు రాసుకుని, బిచ్చమెత్తుకోడానికి చీటీ ఇవ్వాలి. ఏ హద్దుల లోపల ఎత్తుకోవాలో అందులో వుంటుంది. హద్దు దాటితే శిక్ష. చీటీ లేకుండా చెయ్యి చాపితే కొరడా దెబ్బలు. గమనించారా? అవిటివాడి చేతికిచ్చిన ఆ కాగితం "ఇంతకంటే దూరం పోవద్దు" అని చెప్పింది. ఇవాళ్టి బస్సుపాసు "ఎక్కడికైనా పోయిరా" అంటుంది. రెంటికీ మధ్య దాదాపు అయిదువందల ఏళ్ళు. అయినా ఇచ్చేవాడు అడిగే మొదటి ప్రశ్న మాత్రం మారలేదు: "నువ్వు నిజంగా అవిటివాడివేనా?"

ఆ ప్రశ్న మన తీరంలోనూ వినపడింది. మైపాడు వెళ్ళేవాళ్ళకి బకింగ్‌హాం కాలువ కొత్త కాదు. ఇప్పుడంటే బస్సులొచ్చాయి గానీ, ఒకప్పుడు ఉప్పూ, కట్టెలూ, ధాన్యం ఈ కాలువ మీద పడవల్లోనే మద్రాసుకి వెళ్ళేవి. 1806లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన ఆ కాలువని తర్వాత దఫదఫాలుగా పొడిగించుకుంటూ వచ్చారు. 1876-78లో వచ్చిన కరువుని మన పెద్దవాళ్ళు ధాత కరువు అనేవారు. అప్పుడు మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు. మద్రాసులో అడయారునీ, కూవాన్నీ కలిపే కాలువ భాగాన్ని, సుమారు 8 కిలోమీటర్లు, కరువు పనిగా తవ్వించారు. కాలువకి ఆయన పేరు నిలిచింది. తవ్వినవాళ్ళ పేర్లు మాత్రం ఎవరికీ తెలియవు.

ఆ కరువు పనుల్లో జనాన్ని రెండుగా విడదీశారు. పలుగూ పారా పట్టగలవాళ్ళు కూలికి, పట్టలేనివాళ్ళు ఉచిత సహాయానికి. కూలి కూడా ఎంతనుకున్నారు? 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ అనే దొర, పెద్ద మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. ఇది మనిషి బతకడానికి చాలదని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ పోట్లాడాడు. పని చెయ్యగలవాడి పరిస్థితే అలా వుంటే, చెయ్యలేనని చెప్పుకునేవాడి పరిస్థితి మీరే ఊహించండి. చెయ్యగలడా, లేడా అన్నది తేల్చేది అధికారి చూపు.

ఆ తర్వాత దొరలు లెక్కలు కట్టడం మొదలుపెట్టారు. 1881 నుంచి 1931 దాకా ప్రతి జనాభా లెక్కలోనూ గుడ్డివాళ్ళనీ, చెవిటి మూగలనీ, పిచ్చివాళ్ళనీ, కుష్ఠురోగులనీ విడివిడిగా లెక్కపెట్టారు (ఆ మాటలు ఆ కాలానివి, నన్ను తిట్టకండి). 1941లో ఆపేశారు. స్వతంత్రం వచ్చాక కూడా మూడు లెక్కల్లో వాళ్ళ ఊసు లేదు. ఐక్యరాజ్య సమితి 1981ని అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడు మనవాళ్ళకి మళ్ళీ గుర్తొచ్చారు. 1991లో మళ్ళీ మరిచిపోయారు! 2001 నుంచి లెక్క సాగుతోంది. 2011 లెక్క ప్రకారం దేశంలో వాళ్ళు 2 కోట్ల 68 లక్షల మంది, అంటే జనాభాలో నూటికి 2.21 మంది.

మరి శరీరానికి మార్కులెప్పుడు మొదలయ్యాయి? మన దేశంలో దాని మూలం 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టంలో కనిపిస్తుంది. ఫ్యాక్టరీలో చెయ్యి పోతే నూటికింత, బొటనవేలు పోతే నూటికింత అని దానికో పట్టిక జతచేశారు. అప్పటి లెక్క సంపాదనది. ఈ వేలు పోతే కూలి ఎంత తగ్గుతుంది అని. వేలు పోయినవాడు అన్నం ఎలా కలుపుకుంటాడన్నది ఆ పట్టికకి పట్టదు.

ఇక బస్సుల కథ. నిజాం రాజ్యంలో 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైన రోడ్డు రవాణా శాఖే, 1958 జనవరి 11న మన ఆర్టీసీ అయింది. సర్కారు బస్సన్నాక "ఉచితం" అన్న మాట వస్తుంది, ఆ వెనకే "డబ్బెవరు కడతారు?" అన్న ప్రశ్నా వస్తుంది. ఈ ప్రశ్న మనదొక్కళ్ళదే కాదు. ఇంగ్లండులో బర్మింగ్‌హాం నగరపాలక సంస్థ 70 దాటిన మగవాళ్ళకీ, 65 దాటిన ఆడవాళ్ళకీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఇచ్చింది. మా పన్నుల డబ్బుతో దానమేమిటని ఒకాయన కోర్టుకెక్కాడు, 1954లో గెలిచాడు కూడా! ముసలివాళ్ళ పాసులు చెల్లవన్నారు. అప్పుడు పార్లమెంటు కలగజేసుకుని, అంతకు ముందునుంచీ ఇస్తున్న రాయితీలు సాగడానికి 1955లో చట్టం చెయ్యాల్సొచ్చింది. జర్మనీలో ఇలాంటి ప్రయాణం మొదట ముఖ్యంగా యుద్ధంలో దెబ్బతిన్నవాళ్ళకి దక్కింది. తీవ్రమైన వైకల్యం వున్న మిగతావాళ్ళందరికీ పశ్చిమ జర్మనీ దాన్ని విస్తరించింది 1979లో. దేశం కోసం పోయిన కాలికి ముందు వరస, పుట్టుకతో లేని కాలికి వెనక వరస!

మన దగ్గర వికలాంగుల చట్టం 1995లో వచ్చింది, 1996 ఫిబ్రవరి 7 నుంచి అమలయింది. నూటికి 40కి తగ్గకుండా వైకల్యం వున్నట్టు వైద్యాధికారులు ధృవీకరించినవాళ్ళే వికలాంగులని అందులో రాశారు. 2016లో వచ్చిన కొత్త చట్టం 7 రకాల వైకల్యాలని 21 చేసింది గానీ, సౌకర్యాలు దక్కడానికి ఆ 40 గీతని అలాగే వుంచింది.

ఆ నలభై లెక్కించడం కూడా మన పచారీ కొట్టు కూడిక కాదు. దీనికి కేంద్ర ప్రభుత్వం మార్గదర్శక సూత్రాలున్నాయి. కీలు ఎంత వంగుతుంది, కండరంలో బలమెంత అని కొలుస్తారు. ఒక మనిషికి ఒక లోపం 30, ఇంకోటి 20 అనుకోండి. మొత్తం 50 అనుకుంటాం కదా? కాదు. వాళ్ళ సూత్రం ప్రకారం 43 దాటి ఓ పిసరు.

ఇంతకీ ఈ గీత దేవుడు గీసిందా? కాదని మనకి చెప్పిన మనిషి ఒకాయన వున్నాడు. చక్రాల కుర్చీలో తిరిగిన జావేద్ అబిదీ. అప్పటి ఇండియన్ ఎయిర్‌లైన్స్ అంధులకి సగం ఛార్జీ రాయితీ ఇచ్చేది. కాళ్ళు పనిచెయ్యనివాళ్ళకి ఎందుకివ్వరని ఆయన సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. 1998 డిసెంబరులో కోర్టు ఇవ్వమంది. కాకపోతే నూటికి 80, ఆపైన వైకల్యం వున్నవాళ్ళకే. సంస్థ ఆర్థిక స్థోమత కూడా చూడాలి కదా అని! అంటే అదే కాలు ఒకచోట 40 దగ్గర పాసవుతుంది, ఇంకోచోట 80 దాకా ఫెయిలే. మారింది కాలు కాదు, ఖజానా. ఆ అంకె కాలి నొప్పిని కొలిచేది కాదు, ఇచ్చేవాడి జేబుని కొలిచేది. జేబుకి హద్దుండటం తప్పనను. సంసారం చేసేవాళ్ళం, మనకా తెలియదు? కానీ జేబుకి గీసిన గీతని మనిషి నిజాయితీకి గీసిన గీతగా చూడటమే తప్పు. 38 వచ్చినవాణ్ణి దొంగ కుంటివాడిలా చూస్తే, 1531 నాటి ఆ చీటీ ఇంకా మన చేతిలో వున్నట్టే.

ఇక పాసుకి దరఖాస్తు పెట్టుకునే తీరు చూడండి. ముందు సచివాలయంలోనో, మీసేవలోనో సదరం పరీక్షకి తేదీ తీసుకోవాలి. (సదరం అచ్చ తెలుగు మాటలా వినిపిస్తుంది గానీ, ఒక పొడుగాటి ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాల ముద్ద.) ఆ రోజున ఆసుపత్రి శిబిరానికి వెళ్ళాలి. సర్టిఫికెట్టు వచ్చాక దాంతోపాటు ఆధారు, ఫోటో పట్టుకుని పాసులిచ్చే చోటికి వెళ్ళాలి. అంటే ప్రయాణం చెయ్యడం కష్టమైన మనిషికి ప్రయాణసాయం అందాలంటే, ముందు ఆ కష్టమైన ప్రయాణాలన్నీ చేసి చూపించాలి! తోడు ఎవరెళతారు? తల్లో, చెల్లెలో, పెళ్ళామో. వాళ్ళకి పోయిన కూలిరోజులకి ఏ పట్టికలోనూ పర్సెంటు లేదు.

పాసు వచ్చినా మెట్టు తగ్గదు. అమెరికాలో డెన్వర్ నగరంలో 1978 జూలై 5, 6 తేదీల్లో 19 మంది వికలాంగులు నడిరోడ్డు మీద బస్సులకి అడ్డంగా బైఠాయించారు. వాళ్ళడిగింది ఉచిత టిక్కెట్టు కాదు, మా చక్రాల కుర్చీ ఎక్కేలా బస్సు చెయ్యమని. 1990లో ఆ దేశంలో వచ్చిన వికలాంగుల చట్టానికి అలాంటి పోరాటాలే దారి వేశాయి. మన 2016 చట్టం కూడా బస్సులూ, బస్టాండ్లూ అందరికీ అందేలా వుండాలనే అంటోంది. సర్టిఫికెట్టు మీద అభ్యంతరముంటే అప్పీలు చేసుకోవచ్చనీ అంటోంది. ఈ సంగతి మీ పనిమనిషికో, పాలవాడికో అవసరమేమో, చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఇంతకీ మా మైపాడు బస్సు వచ్చింది. ఎక్కగానే ముందు సీటు ఖాళీగా కనిపిస్తే కూలబడ్డాను. కండక్టరు వచ్చాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలయింది కదా, ఆధారు చూసి నాకూ, ఆ చెల్లెలికీ సున్నా టిక్కెట్లు కొట్టిచ్చాడు. అన్న మాత్రం కర్ర చంకలో బిగించుకుని, జేబులోంచి చిల్లర లెక్కపెట్టి టిక్కెట్టు కొనుక్కున్నాడు.

"చూసినారా అమ్మా! ఆడదాన్నని చెప్పుకోడానికి నన్నెవరూ పర్సెంటు అడగలా" అంది చెల్లెలు.

అప్పుడు తలెత్తి చూద్దును గదా, నేను కూర్చున్న సీటు పైన "వికలాంగులకు" అని రాసి వుంది! సిగ్గుతో గబుక్కున లేచి, "నువ్వు కూర్చో నాయనా" అన్నాను.

ఆయన కమ్మీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "వద్దులేమ్మా, నువ్వే కూర్చో" అన్నాడు నవ్వుతూ. "నాకింకా రెండు తక్కువ."