పిల్లులలో ప్రేగువాపు వ్యాధి

పిల్లులలో ప్రేగువాపు వ్యాధి అనేది పెంపుడు పిల్లుల జీర్ణాశయాన్ని, ప్రేగులను దీర్ఘకాలం బాధించే జబ్బు. ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలను బట్టి పశువైద్యులు దీనిని ఐ.బి.డి. అని వ్యవహరిస్తారు. రోగనిరోధక కణాలు ప్రేగుల లోపలి పొరలో పెద్ద సంఖ్యలో చేరి ఎడతెగని వాపును కలిగించడం ఈ వ్యాధి స్వభావం. దీనివలన తిన్న ఆహారం సరిగా జీర్ణం కాదు, జీర్ణమైనది ఒంటబట్టదు. ఏ వయసులోనైనా రావచ్చును గాని నడివయసు పిల్లులలోను, ముసలి పిల్లులలోను ఎక్కువగా కనిపిస్తుంది. ఇది అంటువ్యాధి కాదు. పూర్తిగా నయమయ్యే వ్యాధి కూడా కాదు. అయితే ఆహార నియమంతోను, మందులతోను అదుపులో ఉంచగలిగితే చాలా పిల్లులు ఏళ్ళ తరబడి సుఖంగా జీవిస్తాయి.

లక్షణాలు

వాంతులు, బరువు తగ్గడం, విరేచనాలు ముఖ్య లక్షణాలు. మూడూ కలిసి ఉండాలన్న నియమం లేదు. జీర్ణాశయం, చిన్నప్రేగు దెబ్బతిన్నప్పుడు వాంతులు, చిక్కిపోవడం ప్రధానంగా ఉంటాయి. పెద్దప్రేగు దెబ్బతిన్నప్పుడు పిల్లి కొద్దికొద్దిగా పలుమార్లు మలవిసర్జన చేస్తుంది, ముక్కుతుంది, మలంలో జిగురు, ఒక్కోసారి ఎర్రని నెత్తురు కనిపిస్తాయి. కొన్ని పిల్లులు తిండి మానివేస్తాయి. మరికొన్ని ఆవురావురుమని తింటూనే చిక్కిపోతాయి. లక్షణాలు మూడు వారాలకు మించి కొనసాగినా, తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తున్నా దీర్ఘకాలిక ప్రేగు వ్యాధిని అనుమానిస్తారు.

పిల్లికి వాంతి సహజగుణమనే అభిప్రాయం చాలా ఇళ్ళలో ఉన్నది. గడ్డి కొరికి వాంతి చేసుకోవడం, ఒళ్ళు నాకేటప్పుడు మింగిన వెంట్రుకలను ఉండగా కక్కడం నిజమే. కాని అది ఎప్పుడో ఒకసారి జరిగే పని. వెంట్రుకల ఉండలు తరచుగా పడుతూ ఉంటే ప్రేగుల కదలిక మందగించినదనడానికి అదే సూచన కావచ్చు. 2013లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వెలువడిన ఒక అధ్యయనం ఈ విషయంలో కళ్ళు తెరిపించేది. దీర్ఘకాలంగా ఇటువంటి లక్షణాలు ఉండి, స్కానింగులో చిన్నప్రేగు గోడ మందమైనట్లు కనిపించిన 100 పిల్లుల ప్రేగు ముక్కలను తీసి పరీక్షించగా 99 పిల్లులలో వ్యాధి బయటపడినది. వాటిలో ఎక్కువ భాగం ప్రేగువాపు, లేదా లింఫోమా అనే క్యాన్సరు. "పిల్లులన్నీ కక్కుతాయి" అని ఊరుకోవడం వలన జరిగే నష్టం ఎంతటిదో దీనిని బట్టి ఊహించవచ్చు.

కారణాలు

అసలు కారణం ఒక్కటి కాదు. జన్యువులు, ఆహారంలోని మాంసకృత్తులు, ప్రేగులలో సహజంగా నివసించే సూక్ష్మజీవులు, వీటికి రోగనిరోధక వ్యవస్థ ఇచ్చే అతి ప్రతిస్పందన కలిసి వ్యాధికి దారితీస్తాయని భావిస్తున్నారు. ప్రేగు పొరలో చేరే కణాలను బట్టి రకాలు చెబుతారు. లింఫోసైట్లు, ప్లాస్మా కణాలు చేరే రకమే అన్నిటికంటె సాధారణం. ఇసినోఫిల్ కణాలు చేరే రకం అరుదు.

కాలేయం, క్లోమంతో సంబంధం

పిల్లి శరీర నిర్మాణంలోని ఒక విశేషం ఇక్కడ తెలుసుకోదగినది. కాలేయం నుండి వచ్చే పిత్తనాళం, క్లోమం నుండి వచ్చే నాళం ప్రేగులోకి తెరుచుకునే ముందు కలిసిపోతాయి. కుక్కలో ఈ రెండూ సాధారణంగా వేరువేరుగా తెరుచుకుంటాయి. ఆ కారణంగా పిల్లులలో ప్రేగువాపుతో పాటు క్లోమం వాపు, పిత్తనాళాల వాపు కలిసి రావడం కద్దు. మూడూ ఉన్న స్థితిని ట్రయాడైటిస్ అంటారు. చికిత్స జరుగుతున్నా పిల్లి కోలుకోకపోతే వైద్యులు ఈ రెండు అవయవాలను కూడా పరీక్షిస్తారు.

విటమిన్ బి12 లోపం కూడా ఈ సంబంధం వలన త్వరగా ఏర్పడుతుంది. ఈ విటమిన్ చిన్నప్రేగు చివరి భాగంలో ఒంటబట్టాలంటే ఒక ప్రత్యేక మాంసకృత్తి తోడు కావాలి. మనుషులలో దానిని జీర్ణాశయం తయారు చేస్తుంది. పిల్లులలో క్లోమం మాత్రమే తయారు చేస్తుంది. అంటే ప్రేగు చెడినా, క్లోమం చెడినా బి12 తగ్గిపోతుంది. ఆ లోపం తీరనంత వరకు మిగిలిన మందులు సరిగా పనిచేయవు.

వ్యాధి నిర్ధారణ

ఈ వ్యాధిని ఒక్క రక్తపరీక్షతో తేల్చడం సాధ్యం కాదు. ఇవే లక్షణాలను కలిగించే ఇతర జబ్బులను ఒక్కొక్కటిగా తొలగించుకుంటూ రావాలి. ఏలికపాములు, జియార్డియా వంటి పరాన్నజీవుల కోసం మలపరీక్ష, మూత్రపిండాలు, కాలేయం, చక్కెర కోసం రక్తపరీక్ష చేస్తారు. ముసలి పిల్లులలో థైరాయిడ్ పరీక్ష తప్పనిసరి. థైరాయిడ్ అతిగా పనిచేసినా పిల్లి బాగా తింటూనే చిక్కిపోతుంది, వాంతులు చేసుకుంటుంది. బి12, ఫోలేట్ పరిమాణాలు కూడా చూస్తారు. అల్ట్రాసౌండ్ స్కానింగులో ప్రేగు గోడ పొరల మందం, పక్కనున్న లింఫు గ్రంథుల వాపు తెలుస్తాయి.

ఇక అసలు చిక్కు లింఫోమాతో వస్తుంది. నెమ్మదిగా పెరిగే చిన్నకణాల లింఫోమా లక్షణాలలోను, స్కానింగులోను ప్రేగువాపును అచ్చంగా పోలి ఉంటుంది. రెండిటినీ వేరు చేయడానికి ప్రేగు ముక్కను సూక్ష్మదర్శినిలో పరీక్షించాలి. ఎండోస్కోపీ ద్వారా తీసే ముక్కలో లోపలి పొర మాత్రమే వస్తుంది. పొట్ట కోసి తీసే ముక్కలో గోడ మొత్తం వస్తుంది గాని మత్తు, శస్త్రచికిత్స, ఖర్చు ఎక్కువ. ముక్క చేతికి వచ్చిన తరువాత కూడా నిపుణులు ఒక్కోసారి తేల్చుకోలేక కణాల మీద అదనపు పరీక్షలు చేయిస్తారు. 2023లో అమెరికా పశువైద్య అంతర్గత వ్యాధుల కళాశాల ప్రత్యేకించి ఈ రెండిటిని వేరు చేసే విషయం మీదనే నిపుణుల ఏకాభిప్రాయ పత్రాన్ని వెలువరించినదంటే సమస్య ఎంత జటిలమో తెలుస్తుంది.

బయాప్సీకి ముందే స్టెరాయిడ్లు మొదలుపెడితే కణాల రూపు మారి, లింఫోమా కప్పబడిపోయే ప్రమాదం ఉన్నది. కాబట్టి పరీక్ష చేయించే ఉద్దేశం ఉంటే స్టెరాయిడ్‌కు ముందే చేయించాలి. ఎండోస్కోపీ సౌకర్యం అన్ని ఊళ్ళలో లేదు, అందరూ భరించగల ఖర్చూ కాదు. ముసలి పిల్లికి మత్తు ఇవ్వడం కూడా తేలికైన నిర్ణయం కాదు. అటువంటప్పుడు లింఫోమా ఉండవచ్చునని తెలిసే, వైద్యునితో మాట్లాడుకుని చికిత్స మొదలుపెట్టడం కూడా ఆమోదించదగిన మార్గమే.

ఆహార చికిత్స

పిల్లి పరిస్థితి విషమంగా లేనప్పుడు మొదటి మందు ఆహారమే. 2001లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో దీర్ఘకాలిక జీర్ణ సమస్యలున్న 55 పిల్లులకు ఆహారం మార్చి చూడగా 16 పిల్లులకు జబ్బు ఆహారం పడకపోవడం వల్లనేనని రుజువైనది. ఆ పిల్లులకు జీవితాంతం స్టెరాయిడ్లతో పని లేదన్నమాట.

పరీక్షాహారం రెండు విధాలు. ఒకటి, పిల్లి ఇంతకు ముందెన్నడూ తినని మాంసం. రెండవది, మాంసకృత్తులను చాలా చిన్న ముక్కలుగా విడగొట్టి తయారు చేసిన హైడ్రోలైజ్డ్ ఆహారం. తెలుగువారి ఇళ్ళలో పిల్లులకు కోడిమాంసం, చేపలు అలవాటు కనుక అవి కొత్త మాంసం కింద లెక్కకు రావు. పిల్లులకు పడని ఆహారాలలో గొడ్డుమాంసం, చేప, కోడి ముందు వరుసలో ఉన్నాయి. మేకమాంసమో కుందేలు మాంసమో ఎన్నడూ తినని పిల్లి అయితే అవి పనికివస్తాయి. ప్రేగు లక్షణాలు తగ్గేటట్లయితే సాధారణంగా రెండు వారాలలోపే మార్పు తెలుస్తుంది. ఆ రోజులలో మరేదీ పెట్టకూడదు. పక్కింటివారు వేసే చేప ముల్లు, పిల్లలు దొంగచాటుగా పెట్టే బిస్కెట్టు, మాంసం రుచి కలిపిన మందు బిళ్ళ, ఏ ఒక్కటైనా పరీక్షను వ్యర్థం చేస్తుంది.

పెరుగన్నం, పాలన్నం మీద పిల్లిని సాకడం పాత అలవాటు. పిల్లి పూర్తిగా మాంసాహార జంతువు. టారిన్ అనే పదార్థాన్ని తగినంతగా స్వయంగా తయారు చేసుకోలేదు. అది లోపిస్తే చూపు, గుండె దెబ్బతింటాయి. ఎదిగిన పిల్లులలో చాలా వాటికి పాలు అరగవు. ఉడికించిన మాంసం కూడా కొద్ది వారాల పరీక్షకు సరిపోతుంది గాని, ఎల్లకాలం పెట్టాలంటే టారిన్, కాల్షియం మొదలైనవి వైద్యుని సలహాతో కలపాలి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన మాంసం పిల్లి ఎర్ర రక్తకణాలను నాశనం చేస్తుంది.

మందులు

ఆహారంతో లొంగని వ్యాధికి ప్రెడ్నిసొలోన్ ప్రధానమైన మందు. రోజుకు కిలో బరువుకు 1 నుండి 2 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, గుణం కనిపించిన తరువాత వారాల వ్యవధిలో మెల్లగా తగ్గిస్తారు. హఠాత్తుగా ఆపకూడదు. పేరులో దగ్గరగా ఉన్న ప్రెడ్నిసోన్ పిల్లులలో సరిగా పనిచేయదు. స్టెరాయిడ్ వాడే పిల్లి నీళ్ళు విపరీతంగా తాగుతూ, మూత్రం ఎక్కువగా పోస్తూ ఉంటే మధుమేహం వచ్చినదేమోనని పరీక్షించాలి. స్టెరాయిడ్ చాలనప్పుడు, చిన్నకణాల లింఫోమా తేలినప్పుడు క్లోరాంబుసిల్ చేరుస్తారు. లింఫోమా అయినా ఈ రెండు మందులతో రెండేళ్ళు, అంతకు మించి బ్రతికే పిల్లులు చాలా ఉన్నాయి. క్లోరాంబుసిల్ బిళ్ళను విరగగొట్టకూడదు, చేతికి తొడుగు లేకుండా తాకకూడదు. అప్పుడప్పుడు రక్తకణాల లెక్క చూడాలి.

బి12 తక్కువగా ఉంటే వారానికి ఒకసారి 250 మైక్రోగ్రాముల సూదిమందును ఆరు వారాలు చర్మం కింద ఇవ్వడం వాడుక. ఇటీవల నోటి ద్వారా ఇచ్చినా ఫలితం కనిపిస్తున్నది. మెట్రోనిడజోల్‌ను పూర్వం విరివిగా వాడేవారు. ప్రేగులలోని మేలు చేసే సూక్ష్మజీవులను కూడా అది దెబ్బతీస్తుందని తెలిసిన తరువాత వాడకం తగ్గినది. ఇంట్లో మనుషుల కోసం ఉంచిన మందులు పిల్లికి వేయరాదు. పారాసిటమాల్ బిళ్ళ ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి.

ఇంటివద్ద సంరక్షణ

వ్యాధి అదుపులో ఉన్నదో లేదో చెప్పే సాధనం తూకపు యంత్రం. చిన్నపిల్లలను తూచే యంత్రం మీద రెండు వారాలకు ఒకసారి తూచి తేదీతో సహా వ్రాసి పెట్టుకోవాలి. 4 కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గడమంటే 60 కిలోల మనిషి 6 కిలోలు తగ్గడమే. ఎత్తుకున్నప్పుడు చేతికి ఈ తేడా తెలియదు. వాంతులు, మలం తీరు, తిన్న పరిమాణం కూడా అదే పుస్తకంలో వ్రాస్తే వైద్యునికి మందు పెంచాలో తగ్గించాలో నిర్ణయించడం సులువవుతుంది.

బిళ్ళ మింగించడం చాలామందికి కష్టమైన పని. బిళ్ళ వేసిన వెంటనే సిరంజితో కొద్దిగా నీళ్ళు పట్టించాలి, లేకపోతే బిళ్ళ గొంతులో నిలిచి అన్నవాహికను పుండు చేస్తుంది. పరీక్షాహారానికి భంగం కలిగించని ముద్దలో దాచిపెట్టడం మరొక ఉపాయం. అదీ కుదరకపోతే ద్రవరూపంలో మందు తయారు చేయించవచ్చునేమో వైద్యుని అడగాలి.

వాంతులు తగ్గడానికి పస్తు పెట్టడం మనుషుల విషయంలో వాడుక కావచ్చు, పిల్లులకు ప్రమాదకరం. రెండు మూడు రోజులు తిండి లేకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లులలో, ఒంటిలోని కొవ్వు కాలేయంలోకి చేరి అది పనిచేయడం మానివేస్తుంది. రోజంతా ఏమీ తినని పిల్లిని మరునాడే వైద్యునికి చూపించాలి. కళ్ళు, చిగుళ్ళు పసుపు రంగుకు తిరగడం, నల్లని మలం, నీళ్ళు కూడా నిలవకుండా కక్కడం కనిపిస్తే మరునాటి వరకు కూడా ఆగకూడదు.

బాగా కోలుకున్న పిల్లులలో కూడా వ్యాధి తిరగబెట్టడం మామూలే. ఇల్లు మారడం, ఆహారం మారడం, మందు త్వరగా తగ్గించడం తరువాత ఇలా జరుగుతుంటుంది. అప్పుడు మందును మళ్ళీ మునుపటి మోతాదుకు తెచ్చి, బి12ను మరొకసారి పరీక్షిస్తారు. తిరగబెట్టిన వ్యాధి మునుపటి మోతాదుకు లొంగకపోతే లింఫోమా అనుమానంతో స్కానింగు, బయాప్సీ విషయం మళ్ళీ ఆలోచిస్తారు.