పెట్రోలు ధర: నింద యెవరిది?

కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూమికి నడిగడ్డ యని పేరు. అందు జూరాల ఆనకట్టకు చేరువనున్న మండలము ధరూరు. ఇచ్చటి రైతు దుక్కికి ట్రాక్టరును, పంటను గద్వాలకు చేర్చుటకు ఆటోను నమ్ముకొన్నవాడు. చమురు ధర హెచ్చినపుడు అతడు మొదట తిట్టునది బంకువానిని. చదువుకొన్నవారు తిట్టునది అరబ్బులను. రాజకీయపక్షములు తిట్టుకొనునది ఒకదానినొకటి. ఇందెవరి పాలెంతయో చరిత్రనడిగి తెలిసికొనుట మంచిది.

బంకువాని విషయము మొదటనే తేల్చవచ్చును. ధర నిర్ణయించువాడు అతడు కాడు. లీటరుకు కంపెనీ యిచ్చు కొలది రూపాయల కమీషనే అతని రాబడి.

1973 అక్టోబరులో అరబ్బులకును ఇస్రాయేలునకును యుద్ధము సంభవించెను. పీపా మూడు డాలర్ల ప్రాంతముననున్న ముడిచమురు 1974 జనవరి నాటికి పదునొకండు డాలర్లను మించెను. ఆ 1973 నవంబరులోనే అటల్ బిహారీ వాజపేయి పెట్రోలు ధరకు నిరసనగా ఎడ్లబండినెక్కి పార్లమెంటునకు పోయిరి. నాటి కష్టమునకు మూలము సముద్రములకావల పుట్టినది. ఇటీవల మన ముడిచమురులో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా దిగుమతియే గనుక, ఆ కారణము నేటికిని తొలగలేదు.

అయితే పై దేశమున ధర పెరిగి మనకు పెరిగినచో, అచ్చట తగ్గినపుడు ఇచ్చటను తగ్గవలెను గదా! 2014 జూనులో నూటపది డాలర్లు దాటిన పీపా 2016 జనవరిలో ముప్పదికి దిగువనకు జారెను. ఆ నడిమికాలమున కేంద్రప్రభుత్వము లీటరు పెట్రోలుపై సుంకమును 9 రూపాయల 48 పైసలనుండి 21 రూపాయల 48 పైసలకు పెంచెను. 2020లో కరోనా వ్యాధిచే లోకము స్తంభించి చమురు కారుచౌకయైనపుడు, మార్చిలో 3, మేలో 10 రూపాయలు చేర్చగా సుంకము 32 రూపాయల 98 పైసలాయెను. చౌకదనపు ఫలము బొక్కసమునకు చేరెను, రైతునకు చేరలేదు. 2021 నవంబరులో 5, 2022 మేలో 8 రూపాయలు తగ్గించిరన్న మాటయు న్యాయముగా చెప్పవలెను.

ఇక రాష్ట్రము. 2015లో తెలంగాణ ప్రభుత్వము పెట్రోలుపై విలువ ఆధారిత పన్నును 31 శాతమునుండి 35.20 శాతమునకు పెంచెను. మాకు పడమట, ఆ రెండు నదుల నడుమనే యున్న రాయచూరు కర్ణాటకములోనిది. 2024లో పెంచిన పిమ్మటను అచ్చటి పన్ను 29.84 శాతమే. ఒకే దోయాబు, సరిహద్దురాయి దాటగానే ధర వేరు. అంతేగాక, ఈ పన్ను కేంద్రసుంకము కలిపిన ధరపై పడును. కేంద్రము పెంచిన ప్రతి రూపాయిపై రాష్ట్రమునకును పాలు కలదు; దూషించు నోరే లాభమును భుజించుచున్నది.

2010 జూనులో పెట్రోలు ధరను, 2014 అక్టోబరులో డీజిలు ధరను విపణికి విడిచిరి. 2017 జూనునుండి దినదినము మార్పనిరి. కాని 2021 నవంబరు 4 మొదలు 2022 మార్చి 22 వరకు, ఐదు రాష్ట్రముల ఎన్నికలు ముగియుదాక, ఉక్రెయిను యుద్ధముచే పీపా నూరు డాలర్లు దాటినను ధర కదలలేదు. ఓట్లు లెక్కించిన పండ్రెండవ నాడు కదలెను. దీనిని స్వేచ్ఛావిపణి యనుట యెట్లు?

పన్నులే వలదని నా వాదము కాదు. బడిపంతులనైన నా జీతమును బొక్కసమునుండియే వచ్చుచున్నది. కాని ధనికుని మోటారుకారును, పేదవాని ఆటోను ఒకే లెక్కన పీడించు పన్ను సులభమైన పన్నే గాని న్యాయమైనది కాదు. 2017 జులై 1న వచ్చిన జి.ఎస్.టి.లో పెట్రోలును చేర్పకుండుటలోను, 2021 సెప్టెంబరులో చేర్చుటకిది తరుణము కాదనుటలోను కేంద్రరాష్ట్రములు చేతులు కలిపినవి. కలహించువారు కలిసినచోటనే అసలు కారణము దొరకును.

కావున నింద కొంత విదేశములది, మిక్కిలి మన యిరు ప్రభుత్వములది, కొంత మనదియు. ఓటడుగ వచ్చినవానిని, "నీ పక్షము పాలించినచోట లీటరుకెంత తీసికొనుచున్నది?" అని మనమడుగలేదు. ప్రతి గృహస్థుడును, ప్రతి గృహిణియు ఈ యొక్క ప్రశ్న నడిగిననాడు సగము చిక్కు విడిపోవును.