పట్టా పేర వచ్చిన పైకం

షరతుల్లేని నగదు మనిషిని సోమరిని చేస్తుందన్న వాదం పాతదే. 2011లో మధ్యప్రదేశ్ పల్లెల్లో ‘సేవ’ మహిళా సంఘం దాన్ని పరీక్షకు పెట్టింది. పెద్దలకు నెలకు 200, ఆపై 300 రూపాయలు. పిల్లలకు అందులో సగం. తిండి మెరుగైంది, బడి హాజరు పెరిగింది, సొంత చేనిపై శ్రమా పెరిగింది. అక్కడ డబ్బు మనిషిని చూసి వచ్చింది.

కోనసీమకు 2019లో వచ్చిన రైతు భరోసా, ఏటా 13,500 రూపాయలు, పట్టాను చూసి వచ్చింది. కౌలుదారుకు అందాలంటే భూయజమాని అంగీకారంతో సాగు హక్కు పత్రం కావలసి వచ్చేది; ఆపైన కులమూ చూశారు. భూమిపై హక్కు పోతుందన్న భయంతో యజమానులు సంతకానికి వెనుదీశారు. అమలాపురం, రాజోలు చేలల్లో చాలాచోట్ల చెమట కౌలుదారుది, పైకం పట్టాదారుది అయింది.

కనుక డబ్బు మనిషిని చెరుపుతుందా అన్నది కాదు, అది ఎవరి పేర వస్తున్నదన్నదే అసలు ప్రశ్న. పల్లెను రాసే రచయిత మొదట చూడవలసింది ఆ పేరునే.