దూరపు గురి: తూటా సామర్థ్యం, తుపాకి తన్ను

రైఫిల్ పేలినప్పుడు బుల్లెట్ ముందుకు దూసుకుపోతుంది, తుపాకి వెనక్కి వచ్చి భుజాన్ని గుద్దుతుంది. ఈ గుద్దునే తుపాకి తన్ను అంటారు. షూటింగ్ రేంజిలో వినబడే మాట రీకాయిల్. ఆరేడు వందల మీటర్లకు పైబడి గురి కొట్టేవారు తూటాను ఎంచుకునేటప్పుడు రెండు లెక్కలు పక్కపక్కన పెట్టుకుంటారు. బుల్లెట్ అంత దూరం వెళ్లేసరికి ఎంత వేగం నిలుపుకుంటుంది, గాలికి ఎంత పక్కకు కొట్టుకుపోతుంది అనేది ఒకటి. అందుకు భుజం ఎంత దెబ్బ ఓర్చుకోవాలి అనేది రెండోది. ఈ వ్యాసంలో తూటా అంటే ఇత్తడి కేసు, ప్రైమర్, మందు, బుల్లెట్ నాలుగూ కలిసిన మొత్తం. గొట్టంలోంచి బయటికి పోయేది బుల్లెట్.

తన్ను పుట్టే తీరు

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో ద్రవ్యవేగ నిత్యత్వ నియమం చెప్పగానే వచ్చే ఉదాహరణ తుపాకీ, గుండూ. ఆ లెక్కలో సాధారణంగా వదిలేసేది మందు. కాలిన మందు వాయువై బుల్లెట్ వెంటే బయటికి చిమ్ముతుంది, దాని వేగం బుల్లెట్ వేగంకంటే ఎక్కువ. శక్తిమంతమైన రైఫిళ్లకు వాయువు వేగం బుల్లెట్ వేగానికి 1.75 రెట్లని తయారీదారులు లెక్క కడతారు.

6.5 క్రీడ్‌మోర్ తూటాను తీసుకుందాం. బుల్లెట్ బరువు సుమారు 9.1 గ్రాములు (140 గ్రెయిన్లు), వేగం సెకనుకు 826 మీటర్లు. దాని ద్రవ్యవేగం 7.5 యూనిట్లు. మందు 2.7 గ్రాములే అయినా, వాయువు వేగం ఎక్కువ కాబట్టి మరో 3.9 యూనిట్లు కలుస్తాయి. అంటే తన్నులో మూడో వంతు మందుదే. మొత్తం 11.4ను 5 కిలోల రైఫిల్‌కు పంచితే అది సెకనుకు 2.3 మీటర్ల వేగంతో వెనక్కి వస్తుంది, దాని గతిజశక్తి 13 జౌళ్లు. కిలో బరువును 1.3 మీటర్ల ఎత్తునుంచి వదిలితే నేలను తాకేటప్పుడు ఉండే శక్తి అంత.

అదే 5 కిలోల రైఫిల్‌లో మిగతా తూటాలకూ ఈ లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. పోటీల్లో వాడే సన్నని 6 మిల్లీమీటర్ల డాషర్ సుమారు 9 జౌళ్లతో తంతుంది. 11.3 గ్రాముల బుల్లెట్ ఉన్న .308 వించెస్టర్ 16 నుంచి 17 జౌళ్లు, 12.3 గ్రాముల బుల్లెట్ ఉన్న .300 వించెస్టర్ మాగ్నమ్ 32 జౌళ్లు. .338 లపువా మాగ్నమ్ అయితే 55 జౌళ్లు దాటుతుంది. .308 నుంచి .300 మాగ్నమ్‌కు పోతే బుల్లెట్ బరువు పెరిగేది గ్రాము, వేగం పెరిగేది సెకనుకు 90 మీటర్ల చిల్లర. తన్ను మాత్రం రెట్టింపవుతుంది. తన్ను శక్తి మొత్తం ద్రవ్యవేగపు వర్గాన్ని బట్టి పెరగడమే దీనికి కారణం. తూటా పెట్టె మీద వేగం రాస్తారు గానీ ఈ సంగతి రాయరు.

తన్ను మొదలయ్యేది బుల్లెట్ గొట్టం దాటాక అనుకుంటారు చాలామంది. నిజానికి బుల్లెట్ కదలగానే తుపాకీ కదులుతుంది. 60 సెంటీమీటర్ల గొట్టం చివరకు బుల్లెట్ చేరడానికి మిల్లీసెకను పైచిలుకు పడుతుంది. అంతలోనే పై లెక్కలోని రైఫిల్ దాదాపు 1.2 మిల్లీమీటర్లు వెనక్కి జరిగిపోయి ఉంటుంది. ఆ కాస్త జరుగుబాటులో తుపాకి మడమ భుజానికి ఒకసారి ఒకలా, మరోసారి మరోలా ఆనుకుంటే గొట్టం మొన దిక్కు మారుతుంది. తన్ను పెరిగేకొద్దీ ఆ జరుగుబాటూ పెరుగుతుంది, పట్టులోని లోపం లక్ష్యం మీద పెద్దదై కనబడుతుంది.

అసలు ప్రత్యర్థి గాలి

కొత్తవారు బుల్లెట్ ఎంత కిందికి పడుతుందోనని బెంగపడతారు. 100 మీటర్లకు గురి సరిచేసిన .308 బుల్లెట్ వెయ్యి గజాల దగ్గర, అంటే 914 మీటర్ల దగ్గర, సుమారు 10 మీటర్లు కిందికి పడుతుంది. 6.5 క్రీడ్‌మోర్ సుమారు 8 మీటర్లు. రెండూ పెద్దవే, కానీ రెండూ ముందే తెలిసినవి. దూరం తెలిస్తే టెలిస్కోపు మీద మీట తిప్పి దిద్దుకోవచ్చు. భూమ్యాకర్షణ నిన్న ఒకలా, ఇవాళ ఒకలా ఉండదు.

గాలి అలా కాదు. రేంజి మధ్యలో జెండా కుడికి ఊగుతుంటుంది, లక్ష్యం దగ్గరి గడ్డి అసలు కదలదు. షూటర్ అంచనా తప్పేది ఇక్కడే. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలిలో 914 మీటర్ల దగ్గర .308 బుల్లెట్ సుమారు 2.4 మీటర్లు పక్కకు పోతుంది. 6.5 క్రీడ్‌మోర్ 1.7 మీటర్లు పోతుంది. గాలి వేగాన్ని గంటకు మైలు తప్పుగా అంచనా వేస్తే .308లో 24 సెంటీమీటర్ల తప్పు, 6.5లో 17. దూరపు కాగితపు లక్ష్యాల మీద సాగే ఎఫ్-క్లాస్ పోటీల్లో ఆ దూరానికి పది మార్కుల వలయం వ్యాసం పాతిక సెంటీమీటర్ల పైచిలుకు. నడిబొడ్డు నుంచి లెక్కిస్తే ఇటు 13, అటు 13.

ఇక్కడే తూటా బలాన్ని గురించిన పాత నమ్మకం తప్పని తేలుతుంది. 32 జౌళ్లతో తన్నే .300 మాగ్నమ్, తన సంప్రదాయ 12.3 గ్రాముల మ్యాచ్ బుల్లెట్‌తో అదే గాలికి దాదాపు 1.9 మీటర్లు కొట్టుకుపోతుంది. 13 జౌళ్ల 6.5 క్రీడ్‌మోర్ కంటే అది ఎక్కువే. 9 జౌళ్ల డాషర్ కూడా దానితో సమానంగా నిలబడుతుంది. .300 మాగ్నమ్‌లో 14 గ్రాములు పైబడిన కొత్తరకం పొడవాటి బుల్లెట్ వేస్తే అది మళ్లీ ముందుకు వస్తుంది, దాంతో తన్నూ ఇంకా పెరుగుతుంది.

రహస్యం బుల్లెట్ ఆకారంలో ఉంది. గాలిని చీల్చుకుపోయే శక్తిని బాలిస్టిక్ కోఎఫిషెంట్ అనే అంకెతో కొలుస్తారు. బరువు ఎక్కువై, అడ్డుకొలత తక్కువై, మొన సన్నగా సాగి, తోక కాస్త కుదించుకుంటే ఆ అంకె పెరుగుతుంది. అలాంటి బుల్లెట్ వేగాన్ని నెమ్మదిగా పోగొట్టుకుంటుంది. గాలి పక్కకు నెట్టేది బుల్లెట్ ప్రయాణకాలానికి తగినంత కాదు, గాలి నిరోధం వల్ల అది ఆలస్యమైనంత. 19వ శతాబ్దంలోనే తేలిన ఈ సూత్రాన్ని పట్టుకుంటే వేగంకంటే ఆకారం ఎందుకు గెలుస్తుందో అర్థమవుతుంది.

ధ్వని వేగం మరో గడప. సెకనుకు సుమారు 340 మీటర్లకు దిగేటప్పుడు బుల్లెట్ చుట్టూ గాలి ఒత్తిడి చెదిరి అది తడబడవచ్చు. .308లో 168 గ్రెయిన్ల పాత మ్యాచ్ బుల్లెట్‌కు ఈ పేరు బాగా ఉంది. 175 గ్రెయిన్ల బుల్లెట్ వెయ్యి గజాల దాకా ఆ గడపకు కాస్త పైనే ఉంటుంది. 6.5 క్రీడ్‌మోర్ ఆ దూరం దాటి ఇంకా చాలా ముందుకు అదే స్థితిలో పోతుంది.

క్రీడ్‌మోర్ కథ

క్రీడ్‌మోర్ అన్నది న్యూయార్క్ లాంగ్ ఐలండ్‌లో 1873లో తెరిచిన షూటింగ్ రేంజి పేరు. మరుసటి ఏడాది అక్కడ 800, 900, 1000 గజాల దూరాల్లో జరిగిన పోటీలో అమెరికన్ జట్టు ఐరిష్ జట్టును 934–931 మార్కులతో ఓడించింది. ఆ పేరును 2007లో హోర్నడీ సంస్థ తన కొత్త తూటాకు పెట్టింది. డేవ్ ఎమరీ, డెనిస్ డిమిల్ దాన్ని రూపొందించారు. పోటీల్లో రోజంతా పేల్చినా భుజం అలిసిపోకూడదు, బుల్లెట్ పొడవుగా ఉండాలి, మామూలు మ్యాగజీన్‌లో పట్టాలి అన్నవి వారి ముందున్న షరతులు.

మూడో షరతు చిన్నదిగా కనిపిస్తుంది గానీ కథ అంతా దానిలోనే ఉంది. .308 తరగతి రైఫిల్ మ్యాగజీన్‌లో తూటా మొత్తం పొడవు 71 మిల్లీమీటర్లకు మించకూడదు. .308 కేసు పొడవు 51.2 మిల్లీమీటర్లు. 1997లో వచ్చిన .260 రెమింగ్టన్ కేసు 51.7. ఆ కేసులో పొడవాటి 6.5 బుల్లెట్ పెడితే దాని తోక కేసు లోపలికి దిగి మందు చోటు ఆక్రమిస్తుంది. క్రీడ్‌మోర్ కేసును 48.8 మిల్లీమీటర్లకు కుదించారు, భుజం కోణాన్ని 30 డిగ్రీలు చేశారు. మిగిలిన రెండు మూడు మిల్లీమీటర్లు బుల్లెట్ మొనకు దక్కాయి. పొడవాటి బుల్లెట్ నిలకడగా తిరగాలి కాబట్టి గొట్టంలోని గాడులు 8 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేలా మొదటినుంచీ ప్రమాణం పెట్టారు.

ఇది పూర్తిగా కొత్త ఆలోచన కాదు. స్వీడన్, నార్వే ఉమ్మడిగా రూపొందించుకుని 1894లో చేపట్టిన 6.5×55 తూటాలో, 1940ల నాటికే స్వీడన్ 9 గ్రాముల మొనదేలిన బుల్లెట్‌ను సెకనుకు 800 మీటర్ల వేగంతో పంపుతోంది. ఆ అంకెలు క్రీడ్‌మోర్‌కు ఎంత దగ్గరో చూడండి. 2018లో అమెరికా ప్రత్యేక దళాల కమాండ్ కూడా తన స్నైపర్ రైఫిళ్లకు 6.5 క్రీడ్‌మోర్‌ను ఎంచుకుంది.

భుజం, కన్ను, వేలు

తన్ను నొప్పి పెట్టడం ఒక ఎత్తు, దాని భయం ఇంకో ఎత్తు. పేలకముందే శరీరం దెబ్బకు సిద్ధమై బిగుసుకుంటుంది, కళ్లు మూతపడతాయి, వేలు ట్రిగ్గర్‌ను నొక్కే బదులు లాగేస్తుంది. దీన్ని బయటపెట్టడానికి శిక్షకులు షూటర్‌కు తెలియకుండా అసలు తూటాల మధ్య ఒక డమ్మీ తూటా పెడతారు. ట్రిగ్గర్ టక్కుమంటుంది, తుపాకి పేలదు, గొట్టం మొన మాత్రం కిందికి వంగుతుంది. అప్పటిదాకా తనకు ఉలికిపాటు లేదని నమ్మిన మనిషి దాన్ని తన కళ్లతోనే చూసుకుంటాడు.

అమెరికా సైన్యపు ఆయుధ పరీక్షా విధానంలో దీనికి రోజువారీ హద్దులున్నాయి. 20 జౌళ్ల లోపు తన్నే ఆయుధానికి పరిమితి లేదు. 20–40 మధ్య అయితే రోజుకు 200 తూటాలు, 40–60 అయితే 100, 60–80 అయితే 25. ఆ పైన భుజానికి ఆనించి పేల్చకూడదు. 6.5 క్రీడ్‌మోర్, .308 మొదటి వరుసలో ఉంటాయి. .300 మాగ్నమ్ రెండో వరుసలోకి జారుతుంది.

ఉక్కు పలకల మీద సాగే ప్రెసిషన్ రైఫిల్ పోటీల్లో తన్ను తక్కువ తూటాను ఎంచుకోవడానికి మరో కారణమూ ఉంది. తన్ను తక్కువైతే టెలిస్కోపులో లక్ష్యం కళ్లముందునుంచి జారిపోదు. తన బుల్లెట్ ఎక్కడ తగిలిందో షూటరే చూసి, రెండు సెకన్లలో గాలి దిద్దుబాటు చేసుకుని రెండోది పేల్చగలడు. ఈ ఒక్క సౌలభ్యం కోసమే అగ్రశ్రేణి షూటర్లు 6.5 నుంచి కూడా దిగి 6 మిల్లీమీటర్ల తూటాలకు మారారు, పైగా రైఫిల్ బరువును 9 కిలోలకు పైగా పెంచారు. తూటా మారకుండా రైఫిల్ బరువు రెట్టింపైతే తన్ను శక్తి సగమవుతుంది.

గొట్టం మొనకు బిగించే మజిల్ బ్రేక్ వాయువును పక్కలకు మళ్లించి తన్నును బాగా తగ్గిస్తుంది. దానికి మూల్యం పక్కన పడుకున్న షూటర్ చెవులు చెల్లిస్తాయి. బ్రేక్ ఉన్న తుపాకి పక్కన చెవి రక్షణ లేకుండా ఒక్క క్షణం కూడా ఉండకూడదు. గొట్టం ఆయువునూ లెక్కలో వేసుకోవాలి. .308 గొట్టం అయిదు వేల తూటాలకు అటూఇటూ మ్యాచ్ నాణ్యత నిలుపుకుంటే, 6.5 క్రీడ్‌మోర్ రెండున్నర, మూడు వేల దగ్గర, .300 మాగ్నమ్ ఇంకా ముందే అలిసిపోతాయి.

సైన్యాలు వాయిదా వేసిన పాఠం

చిన్న తూటా మాట సైన్యాల చెవిన ముందే పడింది. అమెరికాలో 7 మిల్లీమీటర్ల .276 పెడర్సన్‌ను 1932లో సైన్యాధిపతి డగ్లస్ మెకార్థర్ పక్కన పెట్టించాడు. పాత .30-06 తూటాల నిల్వలు అప్పటికే గుట్టలుగా ఉన్నాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బ్రిటన్ తెచ్చిన .280కీ అదే గతి పట్టి, 1954లో నాటో .308 వించెస్టర్ లాంటిదే అయిన 7.62×51ను ప్రమాణం చేసుకుంది. భారత సైన్యం దశాబ్దాలపాటు మోసిన ఇషాపూర్ ఎస్‌ఎల్‌ఆర్‌ది ఈ తూటాయే. తర్వాత 5.56 మిల్లీమీటర్ల ఇన్సాస్ రైఫిల్ వచ్చింది, 2019లో కొన్న సిగ్ 716 రైఫిళ్లతో 7.62×51 మళ్లీ చేతికొచ్చింది. సైన్యానికి గాలి దిద్దుబాటుకంటే తగిలిన దెబ్బ బలం, సరఫరా ముఖ్యం కాబట్టి దాని తీర్పు పోటీ షూటర్ తీర్పులా ఉండనక్కర్లేదు.

పెద్ద తూటాకు నిజమైన చోటు దూరంలోనే ఉంది. పన్నెండు, పదిహేను వందల మీటర్లు దాటితే 6.5 బుల్లెట్ ధ్వని గడప దగ్గర పడుతుంది. అక్కడ .338 లపువా 16 నుంచి 19 గ్రాముల బుల్లెట్ అవసరమవుతుంది, దాని తన్ను భరించక తప్పదు. భారత స్నైపర్లకు వచ్చిన ఫిన్లాండ్ రైఫిల్ సాకో టీఆర్‌జీ-42 ఈ తూటానే వాడుతుంది.

మన దేశంలో పౌరులకు 7.62 నాటో నిషిద్ధ బోరు, మందుతో పేలే ఏ రైఫిల్‌కైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో తన్ను ఉందా అంటే దాదాపు లేదనే చెప్పాలి. ఎన్‌సీసీలో .22 రైఫిల్‌తో మొదలుపెట్టే మన పిల్లలకూ అంతే. ట్రిగ్గర్, శ్వాస, పట్టు అనే మూడింటినీ భయం లేకుండా నేర్చుకోవడానికి అంతకు మించిన తుపాకి లేదు. ఆ తర్వాత పెద్ద రైఫిల్ పట్టే అవకాశం వస్తే, వెయ్యి గజాల లోపు కాగితం మీదో ఉక్కు మీదో గురి కొట్టడానికి 6.5 క్రీడ్‌మోర్ తరగతి తూటా చాలు. అంతకు మించిన తన్ను ఓర్చుకోవాల్సిన అవసరం ఆ దూరంలో సాధారణంగా ఉండదు.