సెప్సిస్ అనంతర ఆరోగ్యం: చరిత్ర

తీవ్రమైన ఇన్ఫెక్షన్‌తో ఐసీయూలో చేరి ప్రాణాలతో బయటపడినవారిని ఆ తర్వాత ఏళ్ల తరబడి వేధించే కండరాల నీరసం, మతిమరుపు, దిగులు, పీడకలలు ఈ అంశం కిందికి వస్తాయి. సెప్సిస్ అనే మాట హిప్పోక్రటిస్ కాలం నుంచే ఉంది. కానీ బతికి ఇంటికెళ్లినవారే అరుదు కావడంతో ఇరవయ్యో శతాబ్దం సగం గడిచేదాకా ఇక్కడ రాయదగిన చరిత్ర పెద్దగా లేదు.

1952లో కోపెన్‌హేగన్‌లో పోలియో ప్రబలినప్పుడు, మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ రోగుల గొంతుకు రంధ్రం చేయించి గొట్టం పెట్టించారు. వైద్య విద్యార్థులు రేయింబవళ్లు వంతులవారీగా రబ్బరు సంచి నొక్కుతూ ఊపిరి అందించారు. మరుసటి ఏడాది ఆ నగరంలోనే ఇంటెన్సివ్ కేర్ విభాగం మొదలైంది. ఆపై చాలాకాలం వైద్యుల ధ్యాసంతా రోగిని బతికించడం మీదే. డిశ్చార్జి కాగితంతో లెక్క ముగిసేది. 1984లో కెనడాలో చార్లెస్ బోల్టన్ బృందం, ఐసీయూ రోగుల్లో కాళ్లూచేతుల నరాలు దెబ్బతింటున్నాయని వివరించింది.

అసలు మలుపు 2003లో వచ్చింది. టొరంటోకు చెందిన మార్గరెట్ హెరిడ్జ్, తీవ్ర శ్వాసకోశ వైఫల్యం నుంచి బయటపడిన 109 మందిని ఏడాదిపాటు ఓపిగ్గా వెంబడించి చూశారు. వారిలో చాలామంది నడివయసువారు. ఐసీయూ వీడేనాటికే ఒంటి బరువులో 18 శాతం తరిగిపోయింది. ఏడాది తర్వాత ఊపిరితిత్తులు దాదాపు కుదుటపడినా, ఆరు నిమిషాల్లో నడవగలిగిన దూరం ఆ వయసుకు ఉండాల్సినదానిలో 66 శాతమే. సగం మంది ఇంకా పనిలోకి వెళ్లలేదు. ఐదేళ్ల ఫలితాలు 2011లో వెలువడ్డాయి. నడక అప్పటికీ 76 శాతం దగ్గరే ఆగింది. ఇంత నిలకడగా రోగుల వెంట ఉన్న అధ్యయనాలు తక్కువ.

2010లో థియోడర్ ఐవాషినా అమెరికా వృద్ధుల సర్వే వివరాలను పరిశీలించి, తీవ్ర సెప్సిస్ తర్వాత ఓ మోస్తరు నుంచి తీవ్రస్థాయి మేధోలోపం 6.1 నుంచి 16.7 శాతానికి పెరిగిందని తేల్చారు. 2012లో ఈ లక్షణాలన్నిటినీ కలిపి ‘పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్’ అన్నారు. రోగి పక్కన కూర్చుని నలిగిపోయిన కుటుంబ సభ్యులనూ ఆ నిర్వచనంలో చేర్చడం మెచ్చదగిన విషయం.

చికిత్స ప్రయత్నాలు అంతగా ఫలించలేదు. స్కాండినేవియా నర్సులు రోగి స్పృహలో లేని రోజుల్లో ఏం జరిగిందో డైరీలో రాసిపెట్టి తర్వాత అతని చేతికిచ్చేవారు. బ్రిటన్‌లో నర్సులు నడిపిన ఫాలోఅప్ క్లినిక్‌లపై 2009లో, జర్మనీలో సెప్సిస్ రోగులకు కుటుంబ వైద్యుల ద్వారా అందించిన పర్యవేక్షణపై 2016లో వచ్చిన పరీక్షల్లో జీవన నాణ్యత మెరుగుపడినట్టు తేలలేదు. 2020 తర్వాత, వెంటిలేటర్ మీద ఉండి ఇల్లు చేరిన కోవిడ్ రోగుల్లోనూ ఇవే ఇబ్బందులు కనిపించాయి.