కొలత, తూకం: నూనె లెక్క నేర్పే చరిత్ర

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాలు నిజాం కాలంలో నల్లగొండ జిల్లాలో ఉండేవి. ఆ జిల్లా ఆముదం పంటకు పేరుపొందింది. ఊళ్లలో నూనెను గిద్ద, సోల, తవ్వలతో కొలిచేవారు. బరువును తులం, వీశలతో తూచేవారు. ‘సేరు’ అనే మాట మాత్రం రెండింటికీ వాడుకలో ఉండేది. చిక్కంతా ఇక్కడే ఉంది.

1956లో పార్లమెంటు తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1958 అక్టోబరు నుంచి మెట్రిక్ తూనికలు దశలవారీగా అమలులోకి వచ్చాయి. 80 తులాల సేరు సుమారు 933 గ్రాములకు సమానం. అయితే ప్రమాణాలు మారినా కొలత తూకమైపోదు. లీటరు ఆముదం సుమారు 960 గ్రాములు, కొబ్బరినూనె 920, వేరుశనగ నూనె 910 గ్రాములు తూగుతాయి.

ఇంట్లో సబ్బు తయారుచేసేవారికి ఈ తేడా అనుభవంలోకి వస్తుంది. కాస్టిక్ సోడాను నూనె బరువును బట్టి లెక్కించాలి. లీటరు కొబ్బరినూనెకు, అంటే 920 గ్రాములకు, సుమారు 168 గ్రాముల సోడా చాలు. లీటరును కిలోగా భావిస్తే 183 గ్రాములు వేస్తాం. మిగిలిన 15 గ్రాముల క్షారం చర్మానికి హాని చేస్తుంది.

చరిత్ర విద్యార్థిగా మీకూ ఇదే జాగ్రత్త అవసరం. పాత దస్తావేజులో ‘సేరు నూనె’ అని కనిపిస్తే, అది కొలిచినదా, తూచినదా అని ముందుగా పరిశీలించండి. ధర, అప్పు, వడ్డీల గురించి మీరు చేసే నిర్ధారణలన్నీ దానిమీదే ఆధారపడతాయి.

అభ్యాసం: 750 మిల్లీలీటర్ల ఆముదం ఎన్ని గ్రాములు తూగుతుంది?